బాజా మాస్టర్ బయటికి రాడు

గడియ పెట్టుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి, అన్నం మీద అలిగిన పిల్లాడిలా స్నానాల గదిలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. నేను వెనక వాకిట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఆ రేకు తలుపు వంక చూస్తున్నాను, చూస్తే తెరుచుకుంటుందన్నట్టు. ముందుగదిలో వియన్నా రేడియోవాళ్ళ మనిషి వాల్ట్‌నర్ కూర్చుని ఉన్నాడు. విమానం దిగి, రైలు దిగి, బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, ఎర్ర దుమ్ములో చెమటలు కక్కుకుంటూ జహీరాబాద్ దాకా వచ్చినవాడు, మోకాళ్ళ మీద నల్లటి టేప్ రికార్డర్ పెట్టుకుని, పాపా ఇప్పుడే వస్తాడని ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడే వస్తాడని చెప్పింది నేనే. చెప్పి, మళ్ళీ వెళ్ళి మళ్ళీ చెప్పి, ఇక మొహం చూపించలేక ఇక్కడ కూర్చున్నాను. పాపా అంటే మా నాన్న. మా ఇంటి భాషలో నాన్నను అట్లా పిలుస్తారు. "ముసలాయనను పట్టుకొని పాప అంటవేంది టీచరమ్మా" అని మా బళ్ళో ఆయా నాగవ్వ ఇప్పటికీ నవ్వుతుంది. ఇవాళ మాత్రం ఆ పేరు సరిగ్గా సరిపోయింది.

ఆ మనిషి ఏమన్నాడని ఇంత రాద్ధాంతం? మంచి మాటే కదా అన్నాడు. చాయ్ తాగుతూ, చాలా మర్యాదగా, జర్మన్‌లో, "అయ్యా, వియన్నా వదిలే ముందు మీరు రాసిన క్వార్టెట్ దొరికింది," అన్నాడు. నాలుగు తీగవాయిద్యాలకు రాసిన సంగీతం. పాపా స్నేహితుడు ఓటో అద్దెకున్న ఇంటామె ఆ కాగితాలను అటక మీద దాచిందట, ఆమె పోయాక మనవరాలు దించిందట. పాపా చాయ్ తాగుతూనే ఉన్నాడు. "దాన్ని వాయించారు, హాలంతా లేచి నిలబడింది, మీరొకసారి వియన్నా రావాలని అందరి కోరిక, ప్రయాణం సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు. అప్పుడూ పాపా చాయ్ తాగాడు. "ఆ కచేరీ క్యాసెట్ తెచ్చాను, ముందు వినండి," అని ఆయన మీట మీద వేలు పెట్టాడో లేదో, పాపా కప్పు కింద పెట్టి, దండెం మీది తువ్వాల భుజాన వేసుకుని, స్నానానికి వెళ్తున్నవాడిలా లేచి వచ్చేశాడు. పొద్దున్నే స్నానం చేశాడు. ఇప్పుడు లోపల చెంబుతో నీళ్ళు ముంచి పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఒంటి మీద కాదు, బండ మీద. ఒంటి మీద పడే నీళ్ళ చప్పుడు వేరుగా ఉంటుంది, ఆ మాత్రం తేడా నాకు తెలియదా? ఈ ఎండాకాలంలో, ట్యాంకరు వస్తుందో రాదో తెలియని ఊళ్ళో, నేను బిందెలతో మోసి తొట్టి నింపిన నీళ్ళు, తూము గుండా తులసి పక్కనుంచి వీధిలోకి పోతున్నాయి.

"పాపా, నీళ్ళు అయిపోతున్నయి."

చప్పుడు ఆగింది. కొంచెంసేపయ్యాక మళ్ళీ మొదలైంది, ఈసారి చిన్నగా.

నా మంట వాల్ట్‌నర్ కోసం కాదు. నాకు వినాలని ఉంది. పాపా రాసిన సంగీతం ఈ జన్మలో నేను ఒక్క ముక్క వినలేదు. నేను విన్నదల్లా పెళ్ళి బ్యాండు. వియన్నాలో ఎర్విన్ పోలాక్ అంటే సంగీతం రాసేవాడని, పత్రికల్లో పేరు పడేదని మాటవరసకు తెలుసు, తాతల నాటి ఆస్తి గురించి తెలిసినట్టు. అమ్మా పాపా యూదులు కాబట్టి నాజీలు వాళ్ళను ముందు ఉద్యోగంలోంచి, తరవాత ఇంట్లోంచి, ఆఖరికి దేశంలోంచి గెంటారు. ఎప్పుడో కంటి వైద్యానికి వియన్నా వెళ్ళి పాపా కచేరీ విన్న హైదరాబాదు జాగీర్దారు ఒకాయన, తన బ్యాండుకు మాస్టర్‌గా రమ్మన్నాడు. వచ్చారు. వచ్చీ రాగానే యుద్ధం. ఇంగ్లీషువాళ్ళు పాస్‌పోర్టు చూసి జర్మన్లు, శత్రువులు అన్నారు. ఎవరు తరిమితే పారిపోయి వచ్చారో వాళ్ళ మనుషులని వీళ్ళనే వారం వారం ఠాణాకు పిలిచి సంతకం పెట్టించుకున్నారు. అమ్మ ఆ సంగతి చెప్పినప్పుడల్లా సూది బట్టలో దించి అట్లాగే వదిలేసేది. తరవాత జాగీర్లు పోయాయి, బ్యాండు పోయింది. అందులో క్లారినెట్ వాయించే ఉస్మాన్ చాచాది జహీరాబాద్. "రాజ్యాలు పోతయి గాని పెండ్లిళ్ళు పోవు మాస్టర్ సాబ్, మా ఊరికి రాండ్రి," అన్నాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. లారీలో బాకాల మధ్య కూర్చుని వచ్చాం.

ఉస్మాన్ చాచా అన్న మాట నిజమే. పెళ్ళిళ్ళు పోలేదు. న్యాల్‌కల్‌లో, రాయికోడ్‌లో, సరిహద్దు దాటి కన్నడం ఊళ్ళల్లో కూడా బాజా మాస్టర్ బ్యాండు లేకుండా గుర్రమెక్కమని పెళ్ళికొడుకులు మొండికేసే రోజులొచ్చాయి. ఎర్రకోటు, బంగారు రంగు అల్లికలు, నెత్తిన కుచ్చు టోపీ, ఆ టోపీ కింద నిప్పులాంటి తెల్లమొహం. బాకావాడు ఒక స్వరం జారితే చాలు, పాపా బరాత్‌ను నడివీధిలో ఆపేసేవాడు. గుర్రం మీద పెళ్ళికొడుకు, కింద ఆడపెళ్ళివాళ్ళు, ముహూర్తం మించిపోతోందని అయ్యవారు, అందరూ చేతులు జోడించి "మాస్టర్ సాబ్, జర కదలున్రి" అంటుంటే, ఆయన బాకావాడి చేత ఆ ముక్క మళ్ళీ వాయించి, మళ్ళీ వాయించి, అప్పుడుగాని కదిలేవాడు కాదు. ఆ మనిషికి ఇవాళ తన సంగీతం వినడానికి భయమట! భయమేనా? ఏమో, చెప్తే కదా. ఈ ఇంట్లో ఎవరైనా ఏమైనా చెప్తే కదా.

నా పేరు హన్నా. ఊళ్ళో హన్నమ్మ. రేషన్ కార్డు రాసినాయన హనుమమ్మ అని రాశాడు, దిద్దమని వెళ్తే "గదే మంచిగున్నది తీయమ్మా" అన్నాడు. అమ్మ పేరు గ్రేటా, గీతమ్మ అయింది. డిసెంబరు వస్తే పాస్టరుగారు కేకు తెస్తాడు, మేం కిరస్తానీలమని ఆయనకు గట్టి నమ్మకం. షాపు మల్లప్ప "ఇంతకీ మీరు ఏం కులపోళ్ళు టీచరమ్మా" అని ఏడాదికోసారి అడుగుతాడు, చెప్తాను, తల ఊపుతాడు, మళ్ళీ ఏడాది అడుగుతాడు. యూదులంటే ఏమిటో ఈ ఊళ్ళో తెలిసినవాడు ఉస్మాన్ చాచా ఒక్కడే, ఆయన పోయాడు. పెళ్ళి సంబంధాలు రాలేదు, ఎక్కణ్నుంచి వస్తాయి? నేనూ చూస్తూ కూర్చోలేదు. బడి ఉంది, పిల్లలున్నారు. ఒక్కటే మిగిలిపోయింది. గొర్లు కాసే సిద్దప్పకు పాపా బాకా నేర్పాడు. నోట్లో ఇంకా పాలపళ్ళున్న జబ్బార్‌కు క్లారినెట్ నేర్పాడు. ఇంటి వెనక షెడ్డులో ఊరి మగపిల్లలంతా నేర్చుకుంటుంటే నేను కిటికీ పట్టుకుని వేలాడి, నాకూ నేర్పు పాపా అని అడిగాను. ఆయన నా వంక చూడకుండా "నీకు చెవి లేదు" అన్నాడు. అంతే. తొమ్మిదేళ్ళ పిల్లకు చెవి లేదని ఎట్లా తెలుస్తుంది ఎవరికైనా? ఒకసారైనా పాడించి చూశాడా? ఆ రోజు నుంచి నేను ప్రార్థనలో కూడా పెదవులు కదిపి ఊరుకుంటాను, గొంతు బయటికి రానివ్వను. బళ్ళో జనగణమన పిల్లలతో పాడిస్తాను, నేను పాడను.

"హన్నా, ఓ హన్నా!" అంటూ జబ్బార్ భాయ్ భార్య తాజ్ బేగం పిట్టగోడ మీదుగా తొంగిచూసింది. గోడకు అవతల వాళ్ళిల్లు, అతిథి వచ్చాడని పొద్దుటినుంచి బిర్యానీ హడావిడి ఆమెదే. "మీ మెహమాన్ కడుపు పట్టుకొని కూసున్నడు. ఏందో అడుగుతున్నడు. నాకు ఆయన మాట సమజ్ కాదు గాని ఆ మొహం చూస్తే సమజైంది."

"మా పాయిఖానా గా గదిలనే, లోపల పాపా ఉన్నడు భాభీ. మీ ఇంటికి తీస్కపోండ్రి."

"పొద్దుగాల తానం చేసిండు గదా మాస్టర్ సాబ్?"

"మళ్ళ చేస్తున్నడు."

ఆమె తలుపు వంక చూసింది, తూములోంచి పోతున్న నీళ్ళ వంక చూసింది, తల వెనక్కి తీసుకుంది. పదిహేనేళ్ళ ఇరుగుపొరుగు, ఎప్పుడు అడగకూడదో తెలిసిన మనిషి. ఆమెకున్న తెలివిలో సగం పాపాకుంటే బాగుండేది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి రేకు తలుపును అరచేత్తో బాదాను.

"నీ కోసం వచ్చిన మనిషి పక్కింట్ల పాయిఖానా వెతుక్కుంటున్నడు! బయటికి రా పాపా. ఇనకుంటే ఇనకు, వచ్చి కూసో. నాలుగు మాటలు మాట్లాడి పంపించు."

"మాస్టర్ సచ్చిపోయిండని చెప్పు."

కోపం వస్తే మా పాపాకు తెలుగే వస్తుంది. జర్మన్‌ను ఆయన ఎక్కాలకూ, జ్వరానికీ దాచుకున్నాడు.

"ఎట్ల చెప్పాలె? ఇప్పుడే నీతోని చాయ్ తాగిండు గదా!"

లోపల చెంబు తొట్టిలో తేలుతూ అంచుకు తగులుతున్న చప్పుడు. తరవాత చాలాసేపటికి, తలుపుకు దగ్గరగా వచ్చినట్టున్నాడు, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు వాయించిన్రట?"

"ఆడ వియన్నాల పిల్లలట. సంగీతం సదువుకునే పిల్లలు."

"ఎవరి పిల్లలు?"

"అంటే?"

"ఎవరి పిల్లలు వాళ్ళు, హన్నా? వాళ్ళ నాయినలు అప్పుడు ఏం చేసిన్రు? ఓటోను ఇంట్లకెల్లి గుంజుకపోయినోడు కూడ ఎవనికో నాయిననే గదా. వాని బిడ్డ నా పాట వాయిస్తదా? అడుగుపో. గది అడుగు."

ఏమని అడగను? వంద కోసులు కాదు, వేల కోసులు దాటి వచ్చినవాణ్ని, కడుపునొప్పితో ఉన్నవాణ్ని, మీ వాయిద్యగాళ్ళ తండ్రులు హంతకులా అని అడగమంటాడు. అడగాలనుకుంటే గడియ తీసి తనే వచ్చి అడగొచ్చు కదా. అన్నీ నా చేతనే. నీళ్ళు నేనే, మందులు నేనే, బ్యాండువాళ్ళతో తగాదాలు నేనే, ఇప్పుడు వియన్నాతో తగాదా కూడా నేనే. అయినా వెళ్ళాను. వాల్ట్‌నర్ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, తాజ్ బేగం ఇచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది, మొహం పాలిపోయింది. పక్కన జబ్బార్ భాయ్ టేప్ రికార్డర్ మీదికి వంగి, ముట్టుకోకుండా చూస్తున్నాడు. నేను మెత్తగా చెబుదామనుకున్నాను, నా నోట్లోంచి పాపా మాటే పచ్చిగా వచ్చింది. వాల్ట్‌నర్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. నలభై ఏళ్ళుంటాయేమో ఆయనకు, నా ఈడు. "నేను అడగలేదు," అన్నాడు. "వాళ్ళ నాన్నల సంగతి నేనెప్పుడూ అడగలేదు. మా నాన్న సంగతి కూడా నేను అడగలేదు. ఆయన పోయాడు. ఇప్పుడు అడిగినా చెప్పేవాళ్ళు లేరు." మళ్ళీ తనే, "మీ నాన్నగారు రాకపోతే నేను అర్థం చేసుకుంటాను," అన్నాడు. అర్థం చేసుకుంటాడట. అందరూ అర్థం చేసుకునేవాళ్ళే, నేను తప్ప.

మళ్ళీ వాకిట్లోకి వచ్చి బండ మీద కూలబడి, ఆయనన్నది అన్నట్టు తలుపుకు చెప్పాను. ఎండ గోడ దిగి నా కాళ్ళ మీదికి వచ్చింది. బొంబాయి రోడ్డు మీద చెరుకు లారీలు చిరాగ్‌పల్లి వైపు మూలుగుతూ పోతున్నాయి. అమ్మ ఉంటే ఏం చేసేది? అమ్మ ఉంటే ఈ పాటికి తలుపు విరగ్గొట్టేది. లేదా టేప్ రికార్డర్‌తో సహా వాల్ట్‌నర్‌ను బస్సెక్కించేది. అమ్మకు సంగీతమంటే గిట్టేది కాదు. షెడ్డులో బ్యాండు మొదలైతే తలుపులూ కిటికీలూ వేసుకుని ఉక్కపోతలో కూర్చునేది. బ్యాండువాళ్ళ కోట్లన్నీ ఆమే కుట్టేది, కుడుతూ విసుక్కునేది, గుండీలను, దారాన్ని, ఎండను, ఈగలను, పాపాను, నన్ను. ఇంటి గడప లోపల పాట వద్దు, రేడియో వద్దు. నేను కాలేజీలో ఉండగా పోయింది, పోయేముందు కూడా దుప్పటి సరిగ్గా మడవలేదని నన్ను విసుక్కుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎట్లా చేసుకున్నారో, వాళ్ళను కలిపిందేమిటో నాకెప్పుడూ అంతుబట్టలేదు.

అప్పుడు మొదలైంది. ముందుగదిలోంచి. జబ్బార్ భాయ్ చెయ్యి ఊరుకోలేదని తరవాత తెలిసింది, మీట ఏదో చూద్దామని నొక్కాడట. ముందు ఒక సన్నటి తీగ, గదులు దాటి, వంటిల్లు దాటి వాకిట్లోకి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన సంగీతం. ఇదేనా? నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. పట్టుకోవడానికి ఒక పల్లవి లేదు. రెండు గొంతులు ఒకదాని మాట ఒకటి వినకుండా, ఒకటి మెట్లెక్కితే ఒకటి దిగుతూ, పంపు దగ్గర ఆడవాళ్ళలా తగువు పడుతున్నాయి. దీనికా హాలంతా లేచి నిలబడింది? దీనికా నా ప్రాణం తీశాడు? నిజంగానే నాకు చెవి లేదేమో.

లోపల చెంబు ఠంగున కింద పడింది.

"జల్దీ!" పాపా కేక. "గంత జల్దీ ఎందుకు ఉరుకుతున్నరు? ఎవడు తరుముతున్నడు? ఆపు! ఆపు జబ్బార్!"

గడియ ఊడినంత పని అయింది. తలుపు గోడకు కొట్టుకుంది. జుట్టు పొడిగా ఉంది, లుంగీ అంచు మాత్రం తడిసి నీళ్ళు కారుతోంది. నన్ను చూడలేదు, నా కాళ్ళు దాదాపు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను వెనకాల పరిగెత్తాను. ముందుగదిలో వాల్ట్‌నర్ నిలబడిపోయాడు, జబ్బార్ భాయ్ దొంగలా చేతులు వెనక దాచుకున్నాడు. "మొదటికెల్లి పెట్టు," అన్నాడు పాపా తెలుగులో. వాల్ట్‌నర్‌కు తెలుగు రాదు, అయినా అర్థమైంది. క్యాసెట్ గిర్రున వెనక్కి తిరిగింది.

పాపా కుర్చీ అంచున కూర్చుని బల్ల మీద అరచేత్తో తాళం వేయసాగాడు, నెమ్మదిగా, గట్టిగా. క్యాసెట్ ఆయన మాట విననే లేదు, తన దారిన తను ఉరికింది. "గాడిదలు" అన్నాడు ఒకసారి. తరవాత తాళం ఆపేశాడు. మొదటి తీగ సాగుతుంటే, ఎవరితో అన్నాడో తెలియదు, "గిది ఓటో," అన్నాడు. "ఓటో గిట్ల వాయించకపోతుండె. వంగి, నవ్వుకుంట వాయిస్తుండె." రెండోది వచ్చింది. "గిది ఫ్రిట్జ్. తబియత్ మంచిగ లేకపోయినా వచ్చిండు ఆనాడు." మధ్యలో ఇంకొకటి కలిసింది. "గది నేను." ఒకే ఒక్కసారి, ఓటో ఇంట్లో, సొంతవాళ్ళ ముందు దాన్ని వాయించారట. వాళ్ళిద్దరూ ఏమయ్యారని నేను అడగలేదు, నాకు తెలుసు. నాజీలు చావు శిబిరాలకు రైలెక్కించారు.

అప్పుడు కిందినుంచి, నేలలోంచి వచ్చినట్టు, లావుపాటి గొంతు ఒకటి లేచింది. పాపా నా వంక చూశాడు. ఆ గంటలో నన్ను చూడటం అదే మొదటిసారి.

"గిది మీ అమ్మ," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. "అమ్మకు వాయించుడు వచ్చునా?"

"వచ్చునా? మా నలుగుట్ల అందరికన్న మంచిగ వచ్చు. చెల్లో."

"చలో అంటున్నడేంది, యాడికి?" అంది తాజ్ బేగం గుమ్మంలోంచి. జబ్బార్ భాయ్ ఆమెను చేత్తో ఊరుకోమన్నాడు.

"పెద్ద వాయిద్యం. మనిషంత ఉంటది. ఓడకాడ గంత పెద్ద పెట్టె ఎక్కించనియ్యం అన్నరు. రేవుల గోడకు నిలబెట్టి వచ్చింది మీ అమ్మ. వెనకకు సూడలె. ఓడల నాతోని ఒట్టు వేయించుకున్నది, పిల్లలు పుడితే వాళ్ళకు సంగీతం నేర్పొద్దని. మళ్ళ ఉరకవలసి వస్తే బిడ్డ చేతులు ఖాళీగ ఉండాలె అన్నది."

"నాకు చెవి లేదంటివి!"

"ఏం చెప్పాలె మరి? కిటికీ పట్టుకొని నువ్వు బాకావోని తప్పులు దిద్దుతుంటివి, నాకన్న ముందుగాల."

ముప్పై ఏళ్ళు. ఒక్క మాట చెప్తే ఏంపోయేది? ఆమె పోయిన మర్నాడైనా చెప్పొచ్చు కదా, ఆ తరవాతి ఏడైనా? అరవాలనిపించింది. ఇద్దరి మీదా, పోయినామె మీదా, ఎదురుగా తడి లుంగీతో కూర్చున్నాయన మీదా. ఎవరి మీద అరవను? వాల్ట్‌నర్ నెమ్మదిగా, వియన్నా వస్తారా అని మళ్ళీ అడిగాడు. పాపా తల అడ్డంగా ఊపి, ఈసారి జర్మన్‌లో జవాబిచ్చాడు. అక్కడ తనకెవరూ లేరన్నాడు. రాసిన కాగితాల నకలు పంపితే ఎక్కడెక్కడ నెమ్మదిగా పోవాలో గుర్తులు పెట్టి పంపుతానన్నాడు. ఎవరి పిల్లలైనా సరే, వాయిస్తే సరిగ్గా వాయించాలన్నాడు. వాల్ట్‌నర్ తల వంచుకుని సరేనన్నాడు.

సంగీతం ఎప్పుడో అయిపోయింది, క్యాసెట్ ఊరికే తిరుగుతోంది. తాజ్ బేగం అన్నం వడ్డించనా అని అడుగుతోంది, జబ్బార్ భాయ్ చెల్లో ఎంత పెద్దదో చేతులు చాచి కొలుస్తున్నాడు. "జర సప్పుడు చేయకున్రి!" అన్నాను, అందరూ ఉలిక్కిపడేటంత గట్టిగా. వాల్ట్‌నర్‌తో, ఆ లావు గొంతు మొదలయ్యే చోటికి తిప్పండి, అన్నాను. తిప్పాడు. వచ్చింది. మిగతా మూడింటికీ అడ్డం వచ్చి ఒక మాట చెప్పింది, వాళ్ళు వినకపోతే మళ్ళీ అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పింది, ఇక మీ ఇష్టం పొమ్మన్నట్టు కిందికి దిగిపోయి, పోలేక అక్కడే గొణుగుతూ తిరిగింది. వాయిస్తున్నది ముక్కూమొహం తెలియని వియన్నా పిల్ల ఎవరో. విసుగు మాత్రం అమ్మదే.